ముక్తసరి మామయ్య

మా మామయ్యకు ముక్తసరి అని పేరు పెట్టింది అత్తయ్యే. ఆవిడ కూరలకని వెళ్ళొచ్చి, దారిలో ఎవరు కనిపించారు, వాళ్ళేమన్నారు, తనేమంది, దానికి వాళ్ళ మొహాలు ఎలా మాడిపోయాయి, అన్నీ ఏకరువు పెడుతుంటే మామయ్య కళ్ళు మూసుకుని చివరిదాకా వినేవాడు. విని, "అంటే పక్కింటావిడతో మాటలు మానేశావు. అంతేగా?" అనేవాడు.

"అంతేగా ఏమిటండీ, అంతేగా!" అని అత్తయ్య సంచీ కింద పడేసేది. "ఇంతసేపు నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పిందంతా ఏట్లో కలిసినట్టేనా?"

మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం. నిజానికి ఆయన తప్పేమీ చెప్పేవాడు కాదు. అత్తయ్య పక్కింటావిడతో మాటలు మానేసిన మాట వాస్తవమే. కాకపోతే అత్తయ్యకు చెప్పాలనిపించింది అది కాదు, మిగతాదంతా. ఆ తేడా మామయ్యకు ఎప్పుడూ పట్టలేదు. నాకు ఆయనంటే ప్రాణం, అందుకే ఈ మాట అనేటప్పుడు కోపం కూడా వస్తుంది.

ఆయన చేసేది దుబాసీ పని. కుర్రతనంలో ఓడరేవులో ఒక సరుకుల కంపెనీలో చేరి ఇంగ్లీషు పట్టుకున్నాడు. అక్కడ ఎవరికీ కథలు అక్కర్లేదు. సరుకేమిటి, ఎవరిది, ఎప్పుడు దిగుతుంది, అంతవరకే. ఒక వ్యాపారి గుక్క తిప్పుకోకుండా తిట్టిన తిట్లన్నీ మామయ్య నోటి దాకా వచ్చి, "ఆలస్యమైనందుకు వీరు బాధపడుతున్నారు" అని బయటపడేవి. తన వల్ల ఎన్నో కొట్లాటలు తప్పాయని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఆ నేర్పు చూసే విశ్వవిద్యాలయం వాళ్ళు పిలిచి, విదేశాల నుంచి వచ్చే పండితులకు తోడుగా పంపడం మొదలుపెట్టారు.

అలా వచ్చినవాళ్ళలో బౌద్ధం మీద పరిశోధన చేసే ప్రొఫెసరు ఒకాయన ఉండేవాడు. ఏ ఇంటి గుమ్మంలోనైనా తల వంచనిదే లోపలికి పట్టడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన పొడుగు దొర. మంచి మనిషి. సాయంత్రాలు మామయ్య వాళ్ళ ముందుగదిలో కూర్చుని, చల్లారిపోయిన టీ చేతిలో పెట్టుకుని మాట్లాడుతూనే ఉండేవాడు. నేనప్పుడే కాలేజీలో చేరాను. అర్థమైనా కాకపోయినా మూల కుర్చీలో కూర్చుని వినేదాన్ని.

నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. వాళ్ళ దేశాల్లో బౌద్ధాన్ని చదవడం మొదలుపెట్టిన పెద్దలు చాలామంది బౌద్ధుల మధ్య తిరిగినవాళ్ళు కారు. పాత భాషలు నేర్చుకుని, గ్రంథాలు ముందేసుకుని, తమ బల్లల దగ్గరే కూర్చుని రాశారు. వాళ్ళ లెక్కలో బౌద్ధమంటే హిందూమతం మీద తిరుగుబాటు. ఇంట్లో పెద్దలతో పోట్లాడి వేరు కాపురం పెట్టిన బిడ్డ. తమ మతంలో ఒకప్పుడు అలాంటి చీలికే వచ్చింది కాబట్టి ఇక్కడా అదే జరిగి ఉంటుందని వాళ్ళకు తోచింది. పొడుగు దొరకు ఆ కథ మింగుడు పడలేదు. అంత పోట్లాడి వెళ్ళిన బిడ్డ ఈ దేశంలో చాలాచోట్ల కనిపించకుండా ఎలా పోయింది? ఎవరూ తరిమెయ్యలేదు, హిందూమతమే చప్పుడు చెయ్యకుండా కలిపేసుకుంది, బుద్ధుణ్ణి తన దేవుళ్ళలో ఒకడిగా సర్దేసుకుంది అని ఆయన వాదన. దానికి రుజువు పుస్తకాల్లో కాదు, మనుషుల దగ్గర దొరుకుతుందని వచ్చాడు.

"మా గురువులు గ్రంథాలను అడిగారు. నేను మనుషులను అడుగుతాను" అనేవాడు. అడిగాడు కూడా. కాకపోతే మామయ్య నోటితో అడిగాడు, మామయ్య చెవులతో విన్నాడు.

మా వీధి మలుపులో ఇస్త్రీ పెద్దమ్మ కొట్టు ఉండేది. కొట్టూ ఇల్లూ అదే. ముందుగదిలో దుప్పటి పరిచిన బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, నీళ్ళు చిలకరించుకునే చెంబు, గోడ నుంచి గోడకు కట్టిన తాడు మీద వరసగా చొక్కాలు. వెనక గోడలో, సగం లోపల సగం బయట, ఒక రాతి విగ్రహం. కాళ్ళు మడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి. ముక్కు అరిగిపోయింది. దీపం నూనె పట్టీ పట్టీ ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడేది. విగ్రహం ముందు ఉంటే చుట్టూ గోడ లేపారో, గోడ ఉంటే విగ్రహాన్ని తెచ్చి అమర్చారో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ తల్లీ అక్కడే ఇస్త్రీ చేసింది, ఆ తల్లి తల్లీ అక్కడే చేసింది.

పెద్దమ్మ పొద్దున్నే దీపం పెట్టేది. పెట్టెలో నిప్పులు రాజేసి, మొదట చేతికొచ్చిన బట్ట ఏదైతే అది ఇస్త్రీ చేసి మడత పెట్టి, కాసేపు ఆ విగ్రహం ఒళ్ళో ఉంచేది. ఆ తర్వాతే మిగతా పని. ఎవరి చొక్కాకు ఏ రోజు ఆ అదృష్టం పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. పరీక్షల రోజుల్లో నేను వెళ్ళి, "పెద్దమ్మా, నావి ముందు చెయ్యవా" అని కాళ్ళావేళ్ళా పడేదాన్ని. "ఆయనకి లంచం పెడతావుటే" అని నవ్వేది గానీ, చేసేది.

ఆ విగ్రహం సంగతి మామయ్యే దొర చెవిన వేశాడు. ఇద్దరూ వెళ్ళారు. దొర బట్టల మూటల మీద కూర్చుని పెన్ను తీశాడు. అడగమన్నది ఒకటే ప్రశ్న. ఈ విగ్రహం బుద్ధుడిదా, హిందూ దేవుడిదా?

పెద్దమ్మ చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది. "మా అమ్మ కూర్చున్నాయన అనేది. నేనూ అంతే. దేవుడా అంటావా, దేవుడే. బుద్ధుడా అంటావా, అయ్యుండొచ్చు నాయనా, నేను కాదనలేదు. ఒకసారెవరో గుండాయన, సన్యాసి, వచ్చి ఆ పేరు చెప్పి దండం పెట్టుకుని పోయాడు. ఇంకోసారి ఇంకొకాయన ఇంకో పేరు చెప్పి పెట్టుకున్నాడు. ఇద్దరికీ మంచినీళ్ళిచ్చాను. ఈయన ఇద్దరి మాటా విన్నాడు. నేను మాత్రం ఏనాడూ పేరడగలేదు. ఇంట్లో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలుస్తామా ఎక్కడన్నా? పొద్దున లేస్తే ఆయనుంటాడు, నేనుంటాను. ఇంకేం కావాలి చెప్పు."

దొర పెన్ను పట్టుకుని మామయ్య మొహంలోకి చూస్తున్నాడు. మామయ్య ఇంగ్లీషులో, "ఇది బుద్ధుడి విగ్రహమేనట. ఆ సంగతి వీళ్ళ పెద్దవాళ్ళు మరిచిపోయి, తమ దేవుడనుకుని పూజిస్తూ వచ్చారట" అన్నాడు.

దొర మొహం చేటంత అయింది. వెతుక్కుంటూ వచ్చిన మాట అదే మరి. లేచి పెద్దమ్మకు రెండు చేతులూ జోడించాడు. ఆవిడ కంగారుపడి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తనూ జోడించింది.

మామయ్య కావాలని మోసం చేశాడని నేను ఇప్పటికీ అనుకోను. అది ఓడరేవు అలవాటు. ఎదుటివాడికి కావలసిందేదో పట్టేసి, దానికి సరిపడా మాట అందించి, పని జరిపించడం. ఆ సాయంత్రం అన్నం తింటూ పెద్దమ్మ మాటలన్నీ పొల్లు పోకుండా అత్తయ్యకు చెప్పి నవ్వాడట. "ఇదంతా నేనేం చెప్పను ఆయనకి? ప్రశ్న ఇంత, జవాబు చేంతాడు." అత్తయ్యకు ఆ మాటలు భలేగా నచ్చాయి. గుర్తు పెట్టుకుంది. అత్తయ్య చెబితేనే ఇదంతా నాకు తెలిసింది, అదీ చాలా ఏళ్ళ తర్వాత.

దొర తన దేశం వెళ్ళి పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఇస్త్రీ కొట్టుకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. విగ్రహం ఫోటో, పక్కన పెట్టె పట్టుకుని బిక్కమొహంతో పెద్దమ్మ. ముందుమాటలో, ఒక్క మాటైనా జారనివ్వని తన దుబాసీకి జీవితాంతం రుణపడి ఉంటానని రాశాడు. మామయ్య ఆ పేజీకి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు. ఆ మాట వల్లే విశ్వవిద్యాలయంలో ఆయన ఉద్యోగం పక్కా అయింది. ఎవరొచ్చినా ఆ అద్దం కిందే కూర్చోబెట్టేవాడు.

"నా గురించి ఏం రాశాడు బాబూ దొర?" అని పెద్దమ్మ ఒకసారి అడిగింది.

"మంచిగానే రాశాడమ్మా" అన్నాడు మామయ్య. అదీ ముక్తసరే.

చాలా ఏళ్ళు గడిచాయి. దొర తన దేశంలోనే కాలం చేశాడు. మామయ్యకు జుట్టు నెరిసింది, నేను ఉద్యోగంలో కుదురుకున్నాను. పుస్తకం అన్నాళ్ళూ బీరువాల్లో పడుకుని ఎవరికీ హాని చెయ్యలేదు. ఒకనాడు ఎవరో అది చదివి, మా బుద్ధుణ్ణి ఇస్త్రీ కొట్టులో బందీ చేశారు, మాకు అప్పగించండి అని జనాన్ని వెంటేసుకొచ్చారు. అది విని ఇంకో గుంపు దిగింది. ఏ బుద్ధుడు, ఎక్కడి బుద్ధుడు, పరాయి దేశం వాడు అల్లిన కథ, ఆయన మొదటినుంచీ మా దేవుడే, ఇక్కడ గుడి కడతాం అంది. కొట్టు ముందు రెండు పక్షాలూ గొంతు చించుకున్నాయి. పెద్దమ్మను మాత్రం ఇద్దరూ ఏమీ అడగలేదు. రెండు పక్షాల్లోనూ ఆవిడ ఇస్త్రీ చేసిన చొక్కాలే కొన్ని ఉండి ఉంటాయి.

గొడవ ముదిరేసరికి పురావస్తు కార్యాలయం విచారణ పెట్టింది. ఆ అధికారి చెడ్డవాడేం కాదు. ఉన్న సంగతి పెద్దమ్మకు విడమరిచి చెప్పాడు. తరతరాలుగా ఒక ఇంటివాళ్ళు తమదిగా కొలుచుకుంటున్న విగ్రహమైతే, ఏ పేరుతో కొలిచినా, పేరే లేకపోయినా, దాన్ని ఇంట్లోంచి కదిలించరు. అదేమిటో మరిచిపోయి ఏదో అనుకుని ఉంచుకున్న పాత వస్తువైతే మ్యూజియానికి పోతుంది. "మరిచిపోయామని మీరే చెప్పినట్టు పుస్తకంలో ఉందమ్మా" అన్నాడు. అలా అనలేదని ఆవిడ మొత్తుకుంది. ఇప్పుడు మాట మారుస్తోందన్నారు అక్కడున్నవాళ్ళు.

మరునాడు పెద్దమ్మ మామయ్య ఇంటికొచ్చింది. మూట లేకుండా ఆవిడ ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు.

"బాబూ, నా మాట ఎవరూ నమ్మట్లేదు. ఆ రోజు నేనేమన్నానో విన్నది నువ్వే కదా. దొర పోయాడు, ఇంక నువ్వొక్కడివే ఉన్నావు. ఆ నాలుగు ముక్కలూ చెప్పు చాలు, ఆయన నా ఇంట్లో ఉంటాడు."

"చెబుతానమ్మా, నువ్వు దిగులుపడకు" అన్నాడు మామయ్య. అద్దం కిందే కూర్చుని అన్నాడు.

ఆవిడ వెళ్ళాక అత్తయ్య, "నాకు చెప్పింది చెప్పినట్టు అక్కడ చెప్పండి. ఏదైనా మరిచిపోతే నన్నడగండి, నాకన్నీ గుర్తే" అంది. మామయ్య తలూపాడు. కానీ ఆ సాయంత్రమంతా ముందుగదిలో పచార్లు చేస్తూనే ఉన్నాడు. ఒక జవాబు మార్చానని ఒప్పుకుంటే, ఆ పుస్తకంలో ఇంకెన్ని మార్చావని అడుగుతారు. ఒక్క మాటైనా జారనివ్వని దుబాసీ అన్న మాట నలుగురిలో నవ్వులపాలవుతుంది. పోయిన దొర పేరూ పోతుంది. ఇవన్నీ తర్వాత ఆయనే అత్తయ్యతో అన్నాడు. దొర పేరు సంగతి చివర్లో గుర్తొచ్చిందని కూడా ఒప్పుకున్నాడు.

విచారణకు నేనే ఆయన్ని తీసుకెళ్ళాను. పొడుగాటి గది, పొడుగాటి బల్ల, కాగితాలు ఎగరకుండా బరువులుగా పెట్టిన గాజు గోళాలు. గోడవార బెంచీ మీద పెద్దమ్మ, తనే ఇస్త్రీ చేసుకున్న తెల్లచీరలో. మామయ్య లోపలికి రాగానే ఆవిడ మొహం తేటపడింది.

అధికారి పుస్తకం తెరిచి ఆ భాగం చదివి వినిపించి, "ఈవిడ మీతో చెప్పింది ఇదేనా?" అన్నాడు.

మామయ్య బల్ల మీది గాజు గోళం వైపే చూశాడు. పెద్దమ్మ వైపు చూడలేదు. "పుస్తకంలో ఉన్నదే" అన్నాడు.

"అంతేనా? ఇంకేమైనా అందా?"

"అంతే."

పెద్దమ్మ ముందే లేచి వెళ్ళింది. బయట మెట్ల దగ్గర మా కోసం ఆగి, మామయ్య చెయ్యి పట్టుకుంది. "పోనీలే బాబూ. ఎన్నేళ్ళనాటి మాటో. పగలంతా ఎంతమంది మాటలు వింటావు, నువ్వు మాత్రం ఎన్నని గుర్తుపెట్టుకుంటావు" అంది. దెప్పిపొడవడం కాదు. నిజంగానే మరిచిపోయాడనుకుంది. చెడామడా తిట్టినా బాగుండేది.

విగ్రహాన్ని తీసుకెళ్ళిన రోజు కూలీలు గోడ పగలగొడుతుంటే ఆవిడ పక్కన నిలబడి, ముక్కు జాగ్రత్త, ముక్కు జాగ్రత్త అంటూనే ఉంది. లారీ ఎక్కించే ముందు ఇస్త్రీ చేసిన దుప్పటి ఒకటి ఇచ్చి చుట్టమంది. గోడకు ఇటుకలు పేర్చి పూడ్చేశారు. ఆ తర్వాత ఎవరు బట్టలు తెచ్చినా, "కూర్చున్నాయన లేచెళ్ళిపోయాడు చూశారా" అని నవ్వబోయేది. నవ్వు మధ్యలోనే ఆగిపోయేది. పొద్దున్నే మొదటి బట్ట మడతపెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలో పట్టుకునే నిలబడేదని పక్క కొట్టువాళ్ళు చెప్పారు.

మామయ్య మాత్రం ఆ కొట్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నలగని చొక్కాలు కూడా మూటగట్టుకుని బయల్దేరేవాడు. ఈసారి చెప్పేస్తాను అనుకుని వెళ్ళేవాడు, తళతళలాడే చొక్కాలతో తిరిగొచ్చేవాడు. ఆ చొక్కాలేమిటని అత్తయ్య మొదట్లో అడిగేది, తర్వాత అడగడం మానేసింది. అసలు ఏమీ చెప్పడమే మానేసింది. కూరలకు వెళ్ళొస్తే సంచీ దించి, "తెచ్చాను" అని లోపలికి పోయేది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. అప్పుడు నేను గుచ్చి గుచ్చి అడిగితేనే అత్తయ్య సంగతంతా బయటపెట్టింది.

ఒక వానాకాలం పెద్దమ్మ పోయింది. మామయ్య చొక్కాలు కొన్ని అప్పటికి ఆవిడ దగ్గరే ఉన్నాయి. ఆవిడ కూతురు తెచ్చిచ్చింది, మడత చెదరకుండా. ఆయన వాటిని మళ్ళీ తొడుక్కోలేదు.

అప్పటినుంచీ వారం వారం మ్యూజియానికి వెళ్ళేవాడు. కాళ్ళలో సత్తువ తగ్గాక నేను తీసుకెళ్ళేదాన్ని. విగ్రహాన్ని ఏవో మందులతో కడిగేశారు. నూనె నలుపంతా పోయి, తలంటు పోసి తుడవకుండా వదిలేసిన పసివాడిలా తెల్లగా, చలిగా ఉన్నాడు కూర్చున్నాయన. కింద పలక మీద, బుద్ధుడు, తర్వాతి కాలంలో స్థానికులు హిందూ దేవుడని పొరబడి పూజించారు అని రాసి ఉంది. మామయ్య మాటే అది, ఇంకాస్త ముక్తసరిగా.

ఒక రోజు అక్కడికి విదేశాల నుంచి పరిశోధన కోసం వచ్చిన అమ్మాయి ఒకతె, వెంట గైడూ వచ్చారు. గైడు నడివయసు మనిషి, బాగా మాటకారి. ఆ అమ్మాయి చదివేది కూడా బౌద్ధమే, కానీ కాలం మారింది. హిందూమతం, బౌద్ధం అని రెండు గదులు కట్టి, మనుషులందరినీ వాటిలోకి సర్దింది తమ పాత పండితులేనేమో, అసలు మనుషులు అలా విడివిడిగా బతికారో లేదో కనుక్కుందామని వచ్చానని ఆమె గైడుతో అంటుంటే మాకు వినపడింది. వారం వారం వచ్చే ముసలాయన ఉన్నాడని కాపలావాళ్ళు చెప్పారు కాబోలు, నేరుగా మా దగ్గరకే వచ్చింది.

"తాతగారూ, మీరు హిందువులా, బౌద్ధులా? ఈయన దగ్గరికి ఎందుకొస్తారు అని అడుగుతోందీ అమ్మాయి" అన్నాడు గైడు.

మామయ్య తనకు ఇంగ్లీషు వచ్చని చెప్పలేదు. విగ్రహం వైపే చూస్తూ చెప్పాడు. "నేను ఈయన కోసం రావట్లేదు నాయనా. ఈయన ఒకావిడ ఇంట్లో ఉండేవాడు. ఆవిడకి నావల్ల దూరమయ్యాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పుకోవాల్సింది, చెప్పుకోలేదు. ఇప్పుడావిడ లేదు. ఇక్కడికొస్తే ఆవిడ ఎదురుగా కూర్చున్నట్టుంటుంది. నేను హిందువునో ఇంకొకణ్ణో, ఆ మాట ఇక్కడ నాకు గుర్తే రాదు."

గైడు ఆ అమ్మాయి వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఈయన హిందువేనట. కానీ బుద్ధుడంటే చాలా భక్తి అట" అన్నాడు.

"నేనలా అనలేదు!"

ఇంగ్లీషులోనే అరిచాడు మామయ్య. హాలంతా మారుమోగింది. కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. మామయ్య కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నేనన్నది అది కాదు. నా మాట నాకు తిరిగివ్వండి" అన్నాడు.

గైడు బిత్తరపోయాడు. "తప్పేం చెప్పలేదు కదండీ. ముక్తసరిగా చెప్పానంతే" అన్నాడు.

ఆ మాట వినగానే మామయ్య మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు. నేను భుజం పట్టుకున్నాను.

"చూశావుటే," అన్నాడు నాతో. "నా మాట కాస్త వంకర పోయేసరికి ఎంత గబుక్కున లేచానో చూశావా. ఆ రోజు ఆ గదిలో కూడా ఇదే నోరు కదే. ఆవిడ మాటకి లేవలేదు."

ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ అమ్మాయి నేల మీదే కూర్చుని, ఆయన అసలేమన్నాడో నన్నడిగి తెలుసుకుని, ఆవిడ ఏమనేదో చెప్పండి అని ఆయన్ని అడిగింది. మామయ్య చెప్పాడు. కూర్చున్నాయన అన్న పిలుపు దగ్గరనుంచి, ఇద్దరికీ ఇచ్చిన మంచినీళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకపోవడం, పొద్దున లేస్తే ఆయనా నేనూ అన్నదాకా, ఒక్క మాట జారనివ్వకుండా ఇంగ్లీషులో చెప్పాడు. దొర రాసిన పొగడ్తకు ఆయన తగినది ఆ ఒక్క రోజే.

"ఆవిడ నోట ఈ మాటలు విన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"లేరమ్మా. నేనొక్కణ్ణే."

ఇంటికి రాగానే అత్తయ్యను ముందుగదిలోకి పిలిచి, జరిగిందంతా మొదలునుంచి చెప్పాడు. గైడు ఏమన్నాడు, తనెలా అరిచాడు, కాపలావాళ్ళు ఎలా పరిగెత్తుకొచ్చారు, పెద్దమ్మ మాటలు ఒక్కొక్కటీ తనెలా చెప్పాడు, ఆ అమ్మాయి ఎలా రాసుకుంది, అన్నీ. ఆయన నోట అంత పొడుగు మాట నేనెన్నడూ వినలేదు. అత్తయ్య కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"అంటే ఆవిడ పోయాక చెప్పారు," అంది. "అంతేగా?"